ఆపిల్ తోటలో దారి తప్పిన చిమ్మట

ఆపిల్ పండును కోసినప్పుడు ఒక్కొక్కసారి నడుమనున్న గింజలగూడు చుట్టూ గోధుమరంగు పొడి, ఆ పొడిలో లేత గులాబీ ఛాయగల పురుగు కనిపించును. తొక్క మీద వెదకిన ఒక చిన్న రంధ్రం, దాని అంచున రంపపు పొట్టు వంటి పెంట తప్ప వేరే గుర్తు ఉండదు. ఈ పురుగు ఒక చిమ్మట డింభకం. ఆ చిమ్మటను ఆంగ్లేయులు కాడ్లింగ్ మాత్ అందురు. శాస్త్రనామం సిడియా పొమొనెల్లా. 1758లో లిన్నేయస్ పేరుపెట్టిన జీవులలో ఇది ఒకటి. ఆపిల్ చెట్టు ఏయే దేశాలకు వెళ్ళినదో దాదాపు ఆ దేశాలన్నిటికీ ఈ చిమ్మట కూడ వెంట వెళ్ళినది. అమెరికా దేశపు ఆపిల్ పంటలో సగానికి మించి పండించే వాషింగ్టన్ రాష్ట్రంలో నూరేండ్లకు పైగా తోటల యజమానులకు ఇదే ప్రథమ శత్రువు. భారతదేశంలో ఇది లడఖ్ ప్రాంతంలో స్థిరపడినది. అందుచేతనే లడఖ్ నుండి తాజా ఆపిల్, ఆప్రికాట్ పండ్లు ఇతర ప్రాంతాలకు పోకుండ చాలకాలం కట్టుదిట్టాలు అమలు జరిగినవి.

చిమ్మట చూపునకు అల్పమైనది. రెక్కలు చాచిన సుమారు రెండు సెంటీమీటర్లు ఉండును. బూడిదరంగు రెక్కల కొనలందు రాగిరంగు మచ్చ ఉండుట దీని గుర్తు. వసంతంలో చెట్లు పూచి పిందె పట్టు వేళకు ఇవి బయటికి వచ్చును. ఆడచిమ్మట పిందెల దాపున ఆకుల మీద, కొన్ని పర్యాయాలు పిందెల మీదనే, ఒక్కొక్కటిగా గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు నుండి వెలువడిన డింభకం కొద్ది గంటలు అటునిటు ప్రాకి, పండులోనికి తొలుచుకొని పోవును. దానికి కావలసినది కండ కాదు, గింజలు. మూడు నాలుగు వారాలు లోపల తిని పెరిగి, బయటికి వచ్చి, బెరడు పెచ్చుల క్రింద పట్టుగూడు అల్లుకొనును. వేసవి దీర్ఘంగా ఉన్న చోట్ల అదే సంవత్సరం మరియొక తరం కూడ పుట్టును. మిగిలినవి గూటిలోనే శీతకాలమంతా నిద్రించును.

రైతు నష్టం ఎంతటిదో దీనినిబట్టి ఊహింపవచ్చును. వరిపొలంలో నూటికి రెండు వెన్నులు తెల్లబడిన రైతు బాధపడునే కాని దివాలా తీయడు. ఆపిల్ విషయం అట్లు కాదు. పండ్లను ఒక్కొక్కటిగా చూచి కొనువాడు పురుగు రంధ్రమున్న పండును ముట్టుకొనడు. పెట్టెలో పురుగుపండు కనిపించిన మొత్తం సరుకునే త్రిప్పి పంపు దేశాలు ఉన్నవి. కనుక ఈ పంటలో నూటికి ఒకటి రెండు పండ్లు చెడుట కూడ పెద్ద నష్టమే.

విషాల వరుస

పై జీవితచరిత్రలో మందు చల్లువానికి దొరకు సందు ఎంత ఇరుకైనదో గమనింపవలెను. గూటిలో ఉన్నప్పుడు బెరడు కాపాడును. పండులో ఉన్నప్పుడు పండే కాపాడును. గ్రుడ్డు పగిలిన క్షణం నుండి పండులో దూరు క్షణం వరకు గల కొద్ది గంటలలోనే డింభకానికి విషం తగులవలెను. అన్ని గ్రుడ్లు ఒకేనాడు పగులవు. వారాల తరబడి పగులుచుండును. అందుచేత ఆ వారాలన్నిటిలో ఆకుల మీద, పండ్ల మీద విషపుపూత ఉండితీరవలెను. ఎక్కువ కాలం నిలుచు విషమే మంచి విషమనిపించుకొన్నది.

19వ శతాబ్దం చివరి భాగంలో ప్యారిస్ గ్రీన్ అను ఆర్సెనిక్ సమ్మేళనాన్ని చల్లినారు. 1892లో వేరొక చిమ్మట కొరకు తయారైన లెడ్ ఆర్సినేట్ తరువాత ఆపిల్ తోటలను ఆక్రమించి, 1940ల వరకు రాజ్యమేలినది. అది సీసం, ఆర్సెనిక్ రెండూ కలిసిన విషం. మూలకాలు విరిగిపోవు గదా! వాషింగ్టన్ రాష్ట్రంలోని పాత తోటల నేలలలో నాటి సీసం, నాటి ఆర్సెనిక్ నేటికీ పైపొరలోనే ఉన్నవి. ఆ నేలలపై ఇండ్లు, బడులు కట్టునపుడు మట్టిని పరీక్షింపవలసి వచ్చుచున్నది. ఇంత చల్లినను 1920లలోనే లెడ్ ఆర్సినేట్‌ను తట్టుకొను చిమ్మటలు కనిపించినవి.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత డి.డి.టి. వచ్చినది. మొదటి సంవత్సరాలలో పురుగు మాయమైనంత పని అయినది. కాని డి.డి.టి. తోటలోని మిత్రకీటకాలను కూడ చంపినది. అంతవరకు వాటి అదుపులో ఉన్న ఎర్రనల్లులు ఆకులను కమ్మినవి. పురుగులో మందును తట్టుకొను శక్తి కూడ క్రమంగా పెరిగినది. తరువాతి వంతు ఆర్గానోఫాస్ఫేట్ మందులది. అందులో అజిన్‌ఫాస్-మిథైల్ ముఖ్యమైనది. అది నరాలపై పనిచేయు విషం గనుక చల్లు కూలీలకు, పండ్లు కోయువారికి ప్రమాదకరం. 1980ల చివరికి దానికి కూడ పురుగు అలవాటుపడుట కనబడినది. అమెరికాలో దాని వాడుకను 2012 నాటికి ముగించవలెనని నిర్ణయమైనది. మిగిలిన నిల్వలకు మాత్రం ఒక సంవత్సరం గడువు ఇచ్చినారు.

నూరేండ్ల ఈ వరుసలో ప్రతి మందూ డింభకాన్నే వెదకినది. జతకట్టని ఆడచిమ్మట పెట్టు గ్రుడ్లు పొదగవు గనుక, డింభకం పుట్టకముందే పని ముగించవచ్చునను ఆలోచనకు దారి తీసినది ఒక వాసన.

ఆడచిమ్మట పిలుపు

ఫ్రెంచి కీటకశాస్త్రజ్ఞుడు ఫాబ్రే 19వ శతాబ్దంలో తన ఇంటిలో ఒక ఆడ మహాచిమ్మటను వలపంజరంలో ఉంచగా, చీకటిపడిన తరువాత ఎక్కడెక్కడి మగచిమ్మటలో కిటికీలగుండా వచ్చి పంజరాన్ని చుట్టుముట్టినవి. గాజుమూత క్రింద ఆడచిమ్మటను ఉంచినపుడు అది కండ్లకు కనబడుచున్నను మగవి దానిని లెక్కచేయలేదు. పిలుపు కంటికి కాదు, ముక్కుకు అని దీనివలన తేలినది. చిమ్మటకు ముక్కు అనగా తలపైనున్న రెండు స్పృశశృంగాలే.

ఈ ప్రయోగాన్ని పట్టుపురుగులు పెంచు హిందూపురం, మదనపల్లి ప్రాంతాల పాఠశాలలు సులభంగా చేసి చూడవచ్చును. పట్టుకాయ నుండి అప్పుడే వెలువడిన ఆడచిమ్మటను మూతబిగించిన గాజుసీసాలో ఉంచి మగచిమ్మట ప్రక్కన పెట్టిన అది కదలదు. మూత తీసి పలుచని గుడ్డ కట్టిన కొద్ది సేపటిలోనే మగది రెక్కలు టపటప కొట్టుకొనుచు గుండ్రముగా తిరుగుట మొదలుపెట్టును. పట్టుచిమ్మట ఎగురలేదు గనుక అది పారిపోవునను భయం ఉపాధ్యాయునికి లేదు.

ఆ వాసన ఏ పదార్థమో మొదట తేల్చినది కూడ పట్టుచిమ్మటలోనే. జర్మనీకి చెందిన బూటెనాన్ట్ దాదాపు 20 సంవత్సరాలు శ్రమించి, సుమారు 5 లక్షల ఆడ పట్టుచిమ్మటల గ్రంథుల నుండి కొద్ది మిల్లీగ్రాముల పదార్థాన్ని రాబట్టి, 1959లో దాని నిర్మాణాన్ని ప్రకటించినాడు. దానికి బాంబికాల్ అని పేరు. ఒక జీవి వెలువరించి అదే జాతికి చెందిన మరియొక జీవి నడవడిని మార్చు ఇట్టి పదార్థాలకు ఫెరోమోన్ అను పేరు కూడ అదే సంవత్సరం పుట్టినది.

ఆపిల్ చిమ్మట విషయంలో లక్షల చిమ్మటలను పట్టవలసిన పని లేకపోయినది. డైట్రిక్ ష్నైడర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1950లలో ఒక చమత్కారమైన పద్ధతి కనిపెట్టినాడు. మగచిమ్మట స్పృశశృంగాన్ని రెండు విద్యుద్ధ్రువాల నడుమ నిలిపి దాని మీదికి వాసన ఊదిన, ఆ వాసన దానికి సంబంధించినదైతే సూక్ష్మమైన విద్యుత్ స్పందన కలుగును. న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా కేంద్రంలో పనిచేసిన వెండెల్ రోలొఫ్స్, ఆయన సహచరులు 12 కార్బన్‌లు గొలుసుగా ఉన్న ఆల్కహాల్‌లను వరుసగా తీసుకొని, ద్విబంధాన్ని గొలుసులో ఒక్కొక్క చోట మార్చి మార్చి స్పృశశృంగం ముందు ఊదినారు. ద్విబంధం 8వ స్థానంలో ఉన్నప్పుడు, 10వ స్థానంలో ఉన్నప్పుడు స్పందన హెచ్చినది. అయితే అసలు పదార్థంలో రెండు చోట్లా ద్విబంధాలు ఉండవలెనని ఊహించి, అట్టి పదార్థాన్ని తయారుచేసి తోటలో పెట్టగా మగచిమ్మటలు వచ్చి వ్రాలినవి. ఇది 1971 నాటి సంగతి. తాళపుచెవి కనబడకపోయినను తాళాన్ని పరీక్షించి చెవి ఆకారం చెప్పుట వంటిది ఈ పని. ఆ పదార్థం పూర్తిపేరు ట్రాన్స్-8, ట్రాన్స్-10-డోడెకాడైయీన్-1-ఓల్. వాడుకలో కాడిల్‌మోన్ అందురు.

ఈ పొడుగు పేరులోని ప్రతి ముక్కకూ విలువ కలదు. ఆపిల్ ఆకులను చుట్టచుట్టి తిను వేరొక చిమ్మట ముఖ్య ఫెరోమోన్‌లో 14 కార్బన్‌ల గొలుసు, 11వ స్థానంలో సిస్ ద్విబంధం ఉన్నవి. ఆస్ట్రేలియా నుండి వచ్చిన లేత గోధుమరంగు ఆపిల్ చిమ్మటలో అదే గొలుసు, అదే స్థానం, కాని బంధం ట్రాన్స్. పరమాణువుల సంఖ్యలో భేదం లేదు, వంపులోనే భేదం. అంతమాత్రం చేతనే ఒక జాతి పిలుపు మరియొక జాతికి పిలుపు కాకుండ పోవుచున్నది. రసాయనశాస్త్ర తరగతిలో సిస్, ట్రాన్స్ సాదృశ్యాలు ఎందుకు చదువవలెనని అడుగు విద్యార్థికి ఇంతకంటె మంచి జవాబు దొరకుట కష్టం.

గాలినిండా దొంగజాడలు

ఆడచిమ్మట సాయంసంధ్యలో, వేడిమి సుమారు 16 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గకుండ ఉన్నప్పుడు, కొమ్మపై నిలిచి ఉదరం కొననున్న గ్రంథిని వెలికి తీసి పిలుచును. గంటకు అది విడుచు ఫెరోమోన్ కొన్ని నానోగ్రాములు మాత్రమే. అనగా గ్రాములో నూరుకోట్లవ వంతులు కొన్ని. అగరువత్తి పొగ గాలిలో ఎట్లు పోవునో చూచినవారికి ఈ వాసన పోవు తీరు తెలియును. అది మేఘంవలె నలుదిక్కుల సమంగా వ్యాపించదు. తీగలు తీగలుగా, తునకలు తునకలుగా గాలివాటున సాగును. మగచిమ్మటకు ఒక తునక తగిలినంతనే గాలికి ఎదురుగా ఎగురును. తునక తప్పిపోయిన ముందుకు పోవుట మాని అడ్డముగా కుడియెడమలకు ఊగుచు వెదకును. మరల తగిలిన మరల ఎదురుగా సాగును. ఇట్లు వంకరటింకరగా ఎగిరి పిలిచిన కొమ్మను చేరును.

ఇప్పుడు తోటనిండా వందల చోట్ల అదే వాసనను వదలిరనుకొనుడు. మగచిమ్మట ఒక జాడ పట్టుకొని పోవును. చివర ఆడచిమ్మట ఉండదు, ప్లాస్టిక్ గొట్టం ఉండును. మరియొక జాడ పట్టుకొనును, అదీ అంతే. పైగా పెద్ద మోతాదులో వాసన తగిలిన తరువాత కొంతసేపు దాని స్పృశశృంగాలు మొద్దుబారి అసలు పిలుపును కూడ గుర్తింపవు. ఇట్లు ఒక్క చిమ్మటనైనను చంపకుండ, వాటిని ఒకదానినొకటి కలియనీయకుండ చేయు పద్ధతిని జత తప్పించు పద్ధతి అనవచ్చును. క్యాబేజీని తిను ఒక చిమ్మటపై 1967లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు దీనిని పొలంలో చేసి చూపినారు. ఆపిల్ చిమ్మట కొరకు తయారైన గొట్టాలకు 1991లో అమెరికాలో అనుమతి లభించినది.

వాసనను తోటలో నిలుపు మార్గాలు మూడు. మొదటిది, ఫెరోమోన్ నింపిన సన్నని ప్లాస్టిక్ గొట్టాలను చెట్ల పైకొమ్మలకు కట్టుట. ఎకరాకు సుమారు 400 గొట్టాలు కావలెను. గోడలగుండా వాసన మెల్లమెల్లగా ఊరి, ఒకసారి కట్టినది పంటకాలమంతా పనిచేయును. ఖర్చులో నిచ్చెన ఎక్కి కట్టు కూలీలదీ ఒక భాగం. రెండవది, ఫెరోమోన్‌ను కంటికి కనబడని సూక్ష్మకోశాలలో నింపి, నీటిలో కలిపి, మామూలు స్ప్రేయర్‌తో చల్లుట. ఇది అన్నిటికంటె సులభమైనది. రైతుకు అలవాటైన పని. కాని కోశాలు వర్షానికి కొట్టుకొనిపోవును. కాడిల్‌మోన్‌లోని జంట ద్విబంధాలు ఎండకు చెడును. కనుక రెండు మూడు వారాలకొకసారి మరల చల్లక తప్పదు. మూడవది, చిన్నపెట్టెలో అమర్చిన డబ్బా గడియారం ప్రకారం రాత్రివేళ పావుగంటకొకసారి ఫెరోమోన్‌ను తుంపరగా చిమ్ముట. ఇట్టివి ఎకరాకు ఒకటి రెండు చాలును. కాని వాసన గాలివాటు మీదనే ఆధారపడి ఉండుటచేత తోట అంచులలో ఖాళీలు ఏర్పడును. స్ప్రే సులభమైనప్పటికీ తోటల యజమానులలో ఎక్కువమంది గొట్టాలవైపే మొగ్గుటకు కారణం నమ్మకం.

ఎన్ని చిమ్మటలు, ఎంత తోట

ఈ పద్ధతిని విషంతో పోల్చి చూచువారు ఒక సంగతి మరచుచుందురు. విషం పది పురుగులున్న తోటలోనూ పదివేల పురుగులున్న తోటలోనూ నూటికి ఇన్ని అని చంపును. వాసన అట్లు పనిచేయదు.

సులువుకొరకు ప్రతి గొట్టం ఒక ఆడచిమ్మటతో సమానంగా ఆకర్షించుననుకొందము. ఎకరాలో 400 గొట్టాలు, 10 ఆడచిమ్మటలు ఉన్నవి. మగచిమ్మట పట్టుకొన్న జాడ నిజమైనదగుటకు అవకాశం 410లో 10. అనగా నూటికి రెండున్నర కంటె తక్కువ. ఆడచిమ్మట ఆయుష్షు కొద్దివారాలే; ఆలస్యంగా జతకట్టినది పెట్టు గ్రుడ్లు కూడ తక్కువ. తోట బ్రతికిపోవును. అదే ఎకరాలో 400 ఆడచిమ్మటలు ఉన్నచో? జాడలలో సగం నిజమైనవే. రెండు మూడు ప్రయత్నాలలో మగచిమ్మటకు ఆడది దొరకును. అంతేకాక ఒకే చెట్టుపై ఇన్ని చిమ్మటలున్నపుడు అవి వాసన అక్కరలేకుండ తారసపడును. పురుగు విపరీతంగా ఉన్న తోటలో మొదటి సంవత్సరం ఫెరోమోన్‌ను మాత్రమే నమ్ముకొన్నవారు పంట పోగొట్టుకొన్నారు. ముందు ఇతర మందులతో సంఖ్యను తగ్గించి, తరువాత వాసనతో ఆ తక్కువను తక్కువగా నిలుపుకొనుట సరియైన క్రమం.

రెండవ చిక్కు తోట వైశాల్యం. ఆడచిమ్మట తోట బయట జతకట్టి, ఆపైన లోపలికి ఎగిరివచ్చినచో వాసన దానిని ఏమీ చేయలేదు. అది వెదకునది మగచిమ్మటను కాదు, పండును. గాలి కూడ అంచులలోని వాసనను ఊడ్చివేయును. అంచున 20 మీటర్ల మేర రక్షణ సరిగా ఉండదని అనుకొని లెక్కవేయుదము. ఒక హెక్టారు తోట 100 మీటర్ల చదరం. నాలుగు వైపుల 20 మీటర్లు తీసివేసిన మిగులునది 60 మీటర్ల చదరం; 3600 చదరపు మీటర్లు. తోటలో నూటికి 36 పాళ్ళే రక్షితం, 64 పాళ్ళు అంచు. ఒక కిలోమీటరు చదరంగల 100 హెక్టార్ల తోటలో ఇదే లెక్క వేసిన నూటికి 92 పాళ్ళు రక్షితం. హెక్టారుకైన ఖర్చు రెండింటిలోనూ ఒకటే.

వాషింగ్టన్, ఒరెగాన్, కాలిఫోర్నియా రాష్ట్రాలలో 1995లో మొదలై ఐదేండ్లు నడచిన పథకం ఈ లెక్క మీదనే నిలిచినది. ఒక్కొక్క రైతును కాక, పక్కపక్కనే తోటలున్న రైతులందరిని ఒక జట్టుగా చేర్చి, గట్లను లెక్కచేయక అందరి చెట్లకూ ఒకేమారు గొట్టాలు కట్టించినారు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ ఫ్లాట్ అనుచోట సుమారు 1200 ఎకరాలు ఇట్లు ఏకమైనవి. పాడుపడిన తోటలను, పెరటిలో దిక్కులేక పెరుగు ఆపిల్ చెట్లను కూడ వదలక కొట్టివేయించుటో శుభ్రపరచుటో చేసినారు. పురుగుపండ్లు తగ్గినవి, ఆర్గానోఫాస్ఫేట్ మందు వాడుక సగానికి పైగా పడిపోయినది. 2000 నాటికి వాషింగ్టన్ ఆపిల్ తోటలలో సుమారు సగంలో ఈ పద్ధతి పాదుకొన్నది. ఇరుగుపొరుగును ఒప్పించుట రసాయనాన్ని తయారుచేయుట కంటె కష్టమైన పని అని ఆ ప్రాంతపు వ్యవసాయాధికారులు తొందరగానే గ్రహించి ఉందురు.

దీనితో వచ్చిన ఒక విచిత్రమైన ఇబ్బందిని చెప్పవలెను. తోటలో పురుగు ఎంత ఉన్నదో తెలిసికొనుటకు జిగురుపూసిన బోనులో కొంచెం ఫెరోమోన్ ఉంచి వ్రేలాడగట్టుట అలవాటు. మన రైతులెరిగిన లింగాకర్షక బుట్టలు ఇట్టివే. తోటనిండా వాసన నింపిన తరువాత ఆ బోనులలో మగచిమ్మటలు పడుట మానివేయును. బోను కూడ వందల దొంగజాడలలో ఒకటి అయిపోయినది మరి! బోను ఖాళీగా ఉండుట పద్ధతి పనిచేయుచున్నదనుటకు గుర్తు కావచ్చును. కాని జతకట్టి బయటి నుండి వచ్చు ఆడచిమ్మటల సంగతి ఆ బోను చెప్పలేదు. ఖాళీ బోనును నమ్మి నిద్రపోయిన రైతు కోతనాడు పురుగుపండ్లు చూచి నివ్వెరపోవును. అందుకు బోనులో పదిరెట్లు ఘాటైన ఎరను వాడుట ఒక ఉపాయం. 2001లో మరియొక ఉపాయం దొరికినది. పండిన పియర్ పండు సువాసనకు కారణమైన ఒక ఎస్టర్ ఆపిల్ చిమ్మట మగదానినే కాక ఆడదానిని కూడ ఆకర్షించునని అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఇప్పుడు దానిని ఫెరోమోన్‌తో కలిపి ఎరగా పెట్టుచున్నారు. ఇన్ని చేసినను పండ్లను చేతితో త్రిప్పి చూచు పని తప్పలేదు.

ఫెరోమోన్ ఒక్క జాతినే పిలుచుట మేలే గాని, దానికీ ఒక వెల ఉన్నది. నరవిషం చల్లినన్నాళ్ళు ఆకుచుట్టు పురుగులు కూడ చచ్చుచుండెను. అది మానిన తోటలలో అవి తల ఎత్తినవి. వాటికి వేరే మందు కావలసి వచ్చినది. అయితే పరాన్నకీటకాలు, ఎర్రనల్లులను తిను మిత్రనల్లులు కూడ మరల తోటకు చేరినవి.

ఊరి మీద చల్లినప్పుడు

ఇంతవరకు చెప్పినది తోటలోని మాట. అదే ఫెరోమోన్‌ను ఇండ్ల మీద చల్లినపుడు కథ మారినది. పైన పేర్కొన్న ఆస్ట్రేలియా ఆపిల్ చిమ్మట కాలిఫోర్నియాలో ఉన్నట్లు 2007లో నిర్ధారణ అయినది. అది ఆపిల్‌తోపాటు వందల రకాల మొక్కలను తినగలదు గనుక వ్యాపించకముందే నిర్మూలింపవలెనని ప్రభుత్వం తలచినది. ఆ సంవత్సరం శరత్కాలంలో మాంటరే, శాంటాక్రూజ్ ప్రాంతాల పట్టణాల మీద విమానాలతో రాత్రివేళ ఫెరోమోన్ కోశాలను చల్లినారు. తరువాత దగ్గు, ఆయాసం, కండ్లమంట అని వందల కొలది జనం ఫిర్యాదు చేసినారు. ఆ బాధలకు స్ప్రేయే కారణమని నిర్ధారణ కాలేదు. కాదని జనానికి నమ్మకమూ కలుగలేదు. ఫెరోమోన్ కాక ఆ మందులో కలిసిన ఇతర పదార్థాలేవో మొదట వెల్లడింపకపోవుట అనుమానాన్ని పెంచినది. విషయం న్యాయస్థానాలకెక్కినది. 2008 జూన్‌లో పట్టణాల మీద విమానాలతో చల్లుటను విరమించుకొన్నారు.

ఫెరోమోన్ అణువు విషయంలో శాస్త్రజ్ఞులకు పెద్దగా భయం లేదు. కాని చల్లునది ఒంటి అణువు కాదు; కోశం గోడ, దానిని నీటిలో నిలుపు ద్రవ్యాలు, కోశాల పరిమాణం అన్నీ కలిసిన సరుకు. చెట్టుకొమ్మకు కట్టిన గొట్టం విషయంలో ఈ ప్రశ్నలు దాదాపు పుట్టనే పుట్టవు.

పత్తి చేలలో

తెలుగునాట ఆపిల్ తోటలు పెద్దగా లేకపోయినను ఈ విద్యతో సంబంధం లేకపోలేదు. చిమ్మటల జత తప్పించుటకు అమెరికాలో మొట్టమొదట వ్యాపార అనుమతి పొందిన ఫెరోమోన్ ఆపిల్ చిమ్మటది కాదు, పత్తిలోని గులాబీరంగు కాయతొలుచు పురుగుది. గాసిప్లూర్ అను ఆ పదార్థాన్ని 1973లో కనుగొన్నారు. 1978లో అనుమతి లభించినది. ఈ పురుగు నడవడి కూడ ఆపిల్ చిమ్మటను పోలినదే. గ్రుడ్డు పగిలిన కొద్దిసేపటికే కాయలో దూరి, తొలిచిన రంధ్రం కూడ పూడిపోగా, మందుకు అందకుండ గింజలు తినును. 2002లో మన దేశానికి వచ్చిన బి.టి. పత్తి దీనిని కొన్నేండ్లు అదుపు చేసినది. 2010లో గుజరాత్‌లో దానిని తట్టుకొను పురుగులు ఉన్నట్లు ప్రకటించినారు. తరువాత రెండు జన్యువులు చేర్చిన పత్తిని కూడ ఈ పురుగు లక్ష్యపెట్టలేదు. గుంటూరు, ఆదిలాబాదు, వరంగల్లు ప్రాంతాల పత్తిరైతులకు గుడ్డిపత్తి బాధ ఏమిటో వేరుగ చెప్పనక్కరలేదు.

అమెరికా తన పత్తి ప్రాంతాల నుండి ఈ పురుగును నిర్మూలించినట్లు 2018లో ప్రకటించినది. బి.టి. పత్తి, గొడ్డుచిమ్మటలను లక్షల సంఖ్యలో విడుచుట, పంట అయిన వెంటనే మోళ్ళు దున్నివేయుట, వీటితోపాటు ఫెరోమోన్‌తో జత తప్పించుట కూడ ఆ పనిలో ఒక భాగం. మన దేశంలో కూడ పత్తి మొక్కలకు ముడివేయు ఫెరోమోన్ తీగలను, కాండానికి అంటించు ఫెరోమోన్ ముద్దను కొన్ని సంవత్సరాలుగా వాడి చూచుచున్నారు.

అయితే అక్కడి పొలాలు వందల ఎకరాలవి. ఇక్కడి కమతం రెండు మూడు ఎకరాలది. రెండెకరాల చేను చదరంగా ఉన్నదనుకొన్న ఒక్కొక్క ప్రక్క 90 మీటర్లు. ఆపిల్ తోటకు వేసిన లెక్కే వేసి అంచున 20 మీటర్లు విడిచిన, మిగులునది 50 మీటర్ల చదరం; చేనులో నూటికి 31 పాళ్ళు. ఒంటరిగా తీగలు కట్టిన రైతు డబ్బులో మూడింట రెండు పాళ్ళు ప్రక్కచేలగాలికి పోవును. అట్టి చేలు 50 ఒకదానినొకటి ఆనుకొని, 50 మంది రైతులు ఒకే వారంలో కట్టినచో అది 100 ఎకరాల ఏకఖండం. దాని ప్రక్క సుమారు 636 మీటర్లు. రక్షితభాగం నూటికి 88 పాళ్ళు. ఈ రెండవ లెక్కలో ఎవ్వరూ ఎకరాకు ఒక్క తీగైనను అదనంగా కొనలేదు.